బేస్ గిటారు వదిన

ఆదివారం మధ్యాహ్నం పరుపుల షాపు మూసేశాక, దాని వెనకున్న గోడౌన్‌లో మేం నలుగురం చేరి పాటలు వాయించుకునేవాళ్లం. నాలుగు గోడలకూ పరుపులు నిలబెట్టి ఉండేవి కాబట్టి మేమెంత మోత మోగించినా బయటికి పెద్దగా వినపడేది కాదు. సొంత పాటలు కట్టేంత తెలివి మాలో ఎవరికీ లేదు. ఎవరో ఎప్పుడో పాడి పేరు తెచ్చుకున్న రాక్ పాటల్నే మాకు చేతనైనంతలో వాయించేవాళ్లం. షాపు యజమాని డ్రమ్ములు. లెక్కల మాస్టారు పాట. కళ్లజోళ్ల షాపులో పనిచేసే నేను గిటారు. మా అందరికంటే పెద్దవాడు, లిఫ్టులు రిపేరు చేసే అన్న, బేస్ గిటారు. తోడబుట్టినవాడు కాకపోయినా మా ముగ్గురికీ ఆయన అన్నే. అందువల్ల ఆయన భార్య మా ముగ్గురికీ వదిన.

నేను చెప్పబోయేది ఆ వదిన సంగతి.

బేస్ గిటారుకు నాలుగు లావుపాటి తీగలుంటాయి. దాని శబ్దం చెవుల కంటే ముందు కడుపుకు తెలుస్తుంది. మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాట గాల్లో వేలాడుతున్నట్టుంటుంది.

ఆ రోజుల్లో వదినకు మా బ్యాండంటే పడేది కాదు. ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో వారమంతా మిషను మీద వంగి పనిచేస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఇంటిపట్టున ఉండేది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్క పూటా మొగుడు గిటారు తగిలించుకుని వెళ్లిపోతే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? మేం ఫోన్ చేస్తే, "బయల్దేరుతున్నారు లెండి. నేను ఆపితే ఆగే మనిషా" అని ముక్తసరిగా చెప్పి పెట్టేసేది. ఒకసారి ఏదో పని మీద గోడౌన్‌కు వచ్చి, గుమ్మంలోనే నిలబడి పాట మొత్తం విని, "ఇంతమంది కలిసి ఇంతసేపు చేసేది ఇదా?" అని వెళ్లిపోయింది. మాస్టారు ఆ మాటను చాలాకాలం మరిచిపోలేదు.

ఒకరోజు పొద్దున ఒక పెద్ద ఆఫీసు భవనం పైన, లిఫ్టు మోటారు గదిలో పనిచేస్తుండగా అన్న చేతిలోంచి స్పానర్ జారిపోయింది. వంగి తీద్దామంటే చెయ్యి మాట వినలేదు. పక్కనున్న హెల్పర్‌ని పిలుద్దామంటే నోరు తిరగలేదు. అప్పుడే బాగుచేసిన ఆ లిఫ్టులోనే ఆయన్ని కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పక్షవాతం అన్నారు.

మాట మెల్లగా తేటపడింది. కాలు కూడా కొన్నాళ్లకు దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. కంపెనీవాళ్లు ఆయన్ని ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్లు లోపల మీట నొక్కితే ఆ ఫోన్ మోగుతుంది. "కంగారు పడకండి, లోపల గాలి బాగానే ఆడుతుంది. మనిషి వచ్చేదాకా నేను లైన్‌లోనే ఉంటాను" అని అన్న వాళ్లతో ఆ కబురూ ఈ కబురూ చెబుతూ కూర్చునేవాడు. ఇరుక్కున్నవాళ్లకు అలా ధైర్యం చెప్పే మనిషి, మేం వెళ్లి గిటారు మాటెత్తితే మాత్రం కిటికీలోంచి బయటికి చూసేవాడు.

అలా ఉండగా ఒక ఆదివారం వదిన ఒక్కతే గోడౌన్‌కు వచ్చింది. భుజాన అన్న గిటారు సంచి ఉంది. దాన్ని దించి పరుపులకు ఆనించింది.

"ఇది ఇక్కడే పెట్టుకోండి మరిదీ. ఇంట్లో ఉంటే ఆయన దాన్నే చూస్తూ కూర్చుంటున్నారు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు" అంది.

"కాసేపు కూర్చో వదినా" అన్నాడు పరుపులాయన. ఆమె పరుపుల దొంతి అంచున కూర్చుంది. మేం ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఒక పాట ఎత్తుకున్నాం. సగంలో వదిన చెయ్యెత్తి ఆపింది.

"మీరు పరిగెడుతున్నారు."

"ఎవరు?" అన్నాడు పరుపులాయన.

"మీరే. మొదట్లో బాగానే ఉన్నారు. మాస్టారు గొంతు పెంచగానే వేగం పెంచేశారు. మా వర్క్‌షాపులో ఎవరైనా ఇలా కుడితే దారం తెగుతుంది."

పరుపులాయన ముఖం కందగడ్డలా అయిపోయింది. మాస్టారు మాత్రం చాలా సంతోషించాడు, ఎందుకంటే ఆ మాట ఆయన ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నేను ఆమె కాలు చూశాను. మిషను పెడల్ మీద ఉన్నట్టే చెప్పు అంచుతో నేలను తడుతోంది. మేం తొందరపడినా, మందగించినా ఆ కాలు చలించలేదు.

వెళ్లేటప్పుడు ఎందుకో గిటారును మళ్లీ భుజాన వేసుకుంది. "ఉండనివ్వండి, ఇంకో వారం చూద్దాం" అంది.

ఆ వారంలో ఇంట్లో ఏం జరిగిందో తర్వాత వాళ్లే చెప్పారు. సాయంత్రం అన్న సోఫాలో కూర్చుని ఉంటే, వదిన దుమ్ము తుడుద్దామని గిటారు తీసి ఆయన పక్కనే కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. గిటారు మెడ ఆయన ముందుకు వచ్చింది. ఆయన ఎడమచెయ్యి తనంతట తానే పైకి లేచి ఒక తీగను నొక్కింది. తర్వాత వదిన తన కుడిచేతి వేలితో ఆ తీగను మీటింది.

"ఇంకోసారి కొట్టు" అన్నాడు అన్న.

ఆమె ఇంకోసారి కొట్టింది. ఆయన వేలు జరిపాడు. పొయ్యి మీద పెట్టిన నీళ్లు మొత్తం ఆవిరైపోయి గిన్నె మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరికీ ఒళ్లు తెలియలేదట.

రెండు వారాల తర్వాత ఇద్దరూ కలిసి వచ్చారు. పరుపులాయన షాపు ముందు గదిలోంచి పొడవాటి బల్ల ఒకటి తెచ్చి వేశాడు. ఎడమవైపు అన్న, కుడివైపు వదిన, గిటారు ఇద్దరి ఒళ్లోనూ. తీగలు నొక్కే చెయ్యి ఆయనది, మీటే చెయ్యి ఆమెది. మేం నవ్వాలో, కళ్లు తుడుచుకోవాలో తెలియక మా మా తీగలూ మరలూ సర్దుకున్నాం.

చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో, వినడానికి అంత ఘోరంగా ఉంది. ఆయన వేలు చేరేలోపే ఆమె మీటేది. ఆమె మీటేలోపే ఆయన గిటారు మెడ మీద తర్వాతి మెట్టుకు వెళ్లిపోయేవాడు. పాట మధ్యలోనే ఇద్దరూ గొడవ అందుకునేవాళ్లు.

"కాస్త ఆగవా? నా వేలు ఇంకా గాల్లోనే ఉంది."

"మీ వేలు దిగేదాకా ఆగితే పాట అయిపోతుంది."

"పాతికేళ్లుగా వాయిస్తున్నాను, నాకు నేర్పుతావా?"

"పాతికేళ్లుగా ఆ చెయ్యి మీదే. ఇప్పుడు నాది."

మాస్టారు మైకు పట్టుకుని నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయేవాడు. ఆ గొడవ గిటారుతో మొదలై, ఎప్పుడో వానలో తడిసిన దుప్పట్ల మీదుగా, వదిన తమ్ముడి పెళ్లికి ఆలస్యంగా చేరిన సంగతి దాకా వెళ్లేది. మాకు తల ప్రాణం తోకకొచ్చేది. అయినా వాళ్లు వెళ్లిపోయాక ముగ్గురం ఒకటే అనుకునేవాళ్లం: అన్న ఇంతగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

అసలు చిక్కు ఎక్కడుందో చివరికి పరుపులాయన కనిపెట్టాడు. "వదినా, అన్న చెయ్యి చూడకు. నేను కాలితో కొట్టే డ్రమ్ము విను. అన్నా, నువ్వు నన్ను వినకు, వదినను విను" అన్నాడు. వదినకు ఆ పద్ధతి వెంటనే పట్టుబడింది. అన్నకు పట్టుబడలేదు. ఎప్పుడూ ముందుండి నడిపించిన మనిషి. ఇప్పుడు భార్య వేలు ఎప్పుడు కదులుతుందా అని కాచుకోవడం ఆయనకు మింగుడుపడలేదు. ఒక ఆదివారం పాట సగంలో ఎడమచెయ్యి తీసేసి లేచి నిలబడ్డాడు.

"చాలు. సగం మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మలా ఆడిస్తున్నావు. నాకిది వద్దు."

వదిన ఆయన వంక చూడలేదు. గిటారును ఒళ్లో సరిచేసుకుంటూ నెమ్మదిగా అంది:

"మీరు లేస్తే నేను ఈ ఒక్క తీగనే టకటకా కొట్టుకుంటూ కూర్చోవాలి. నాకు అదొక్కటే వచ్చు. మీరు సగమైతే నేను మాత్రం ఏంటండీ?"

అన్న గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి కూర్చుని, "మొదటినుంచి" అన్నాడు. ఆ రోజు మొదటిసారి ఆ పాటను చివరిదాకా వాయించాం. గొప్పగా రాలేదు. కానీ పాటకు మళ్లీ కాళ్ల కింద నేల దొరికింది.

తర్వాత దాదాపు ఏడాది అలాగే గడిచింది. వాళ్ల చేతులు ఎంతగా కలిశాయంటే, కళ్లు మూసుకుని వింటే ఒక్కరే వాయిస్తున్నారనుకోవాలి. వదిన మాకు లొంగే మనిషి కాదు. మాస్టారు మాటలు మింగేస్తున్నాడని చెప్పింది. నా గిటారు మోత మరీ ఎక్కువైందని తానే వచ్చి స్పీకరు తగ్గించింది.

ఈలోగా అన్న ఫిజియోథెరపీకి మానకుండా వెళ్తున్నాడు. మొదట బొటనవేలు కదిలింది. తర్వాత చూపుడువేలు. ఒక ఆదివారం వచ్చీ రాగానే, "ఇవాళ ఒకటి చూపిస్తాను" అని గిటారు తన ఒళ్లోకి లాక్కున్నాడు. నిదానంగా సాగే ఒక పాటను, రెండు చేతులతో, తానొక్కడే వాయించాడు. బొటనవేలు వణుకుతూనే ఉంది. పూర్తయ్యాక అందరం లేచి చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది వదిన.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. "ఏదో కుట్టుపని ఉందట" అన్నాడు అన్న. ఆ పై వారమూ రాలేదు. పొడవాటి బల్ల మీద అన్న ఒక్కడే, అలవాటు కొద్దీ ఎడమవైపు చివరన కూర్చుని వాయించేవాడు. నిదానం పాటలు బాగానే వచ్చేవి. వేగంగా సాగే పాటల్ని ఒక్కొక్కటే చడీచప్పుడు కాకుండా పక్కన పెట్టేశాం.

కొన్నాళ్లకు వదిన మా కళ్లజోళ్ల షాపుకు వచ్చింది. సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోందట. కొత్త అద్దాలు పెట్టి దూరంగా ఉన్న అక్షరాలూ దగ్గరగా ఉన్నవీ చదివిస్తూ, "ఆదివారాలు ఎలా గడుస్తున్నాయి వదినా?" అని అడిగాను.

"హాయిగా. పొద్దున్నే ఇల్లు సర్దేస్తాను, మధ్యాహ్నం పడుకుంటాను" అంది. అద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది. అవి శుభ్రంగానే ఉన్నాయి. "ఆయన చెయ్యి రావాలని నేను ఎంతగా కోరుకున్నానో మీకు తెలీదు మరిదీ. వచ్చింది. చాలా సంతోషం. కానీ ఆయన చెయ్యి రాగానే నా చెయ్యి ఖాళీ అయిపోయింది. ఇది ఆయనకు చెప్పేది కాదు. మీరూ చెప్పకండి."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. మర్నాటి సాయంత్రమో ఆ మర్నాడో అన్న ఫోన్ డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, వదిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, బల్ల అంచును రెండు వేళ్లతో మీటుతోందట. అది మేం పక్కన పెట్టేసిన వేగం పాటల్లో ఒకటి. తలుపు దగ్గరే నిలబడి ఆయన మొత్తం విన్నాడు. ఎక్కడా తొణకలేదు, తడబడలేదు.

"ఇదిగో, నీ ఎడమచెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు లోపలికి వస్తూనే.

"ఎందుకు?"

"దానికీ పని చెబుతాను."

ఆమె ఎడమచేతి వేళ్లు తీగలకు అలవాటు పడడానికి చాలాకాలం పట్టింది. సూదులు గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు కాబట్టి నొప్పికి వెనకాడలేదు గానీ, ఏ మెట్టు ఎక్కడుందో గుర్తుండేది కాదు. అన్న మంచి వాయిద్యకారుడే, నేర్పడం మాత్రం రాదు. "అది కాదు, పక్కది" అనేవాడు. "ఏ పక్కది?" అని ఆమె విసుక్కునేది. మేం ఫోన్ చేస్తే ఇద్దరి కేకలూ కలిసే వినపడేవి.

మళ్లీ వదిన గోడౌన్‌లో అడుగుపెట్టిన రోజు, బల్ల మీద నడిమధ్యన కూర్చుంది. కొత్త కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని, గిటారు మెడను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, పరుపులాయనకు తలూపింది. మూలకు తోసేసిన ఆ వేగం పాటే. మూడుచోట్ల తప్పింది. తప్పినచోట ఆగకుండా ముందుకు వెళ్లిపోయింది. పరుపుల మీద కూర్చున్న అన్న తప్పు వచ్చిన ప్రతిసారీ పళ్లు బిగించి, గాల్లో తన వేళ్లతో సరైన మెట్టు చూపిస్తున్నాడు.

పాట అయ్యాక, "రెండో చరణంలో..." అని ఏదో అనబోయాడు.

"తెలుసు" అంది వదిన. "ఇంటికెళ్లాక చెప్పండి. ఇక్కడ మీరు నాకు మాస్టారు కాదు."

"నేను కూడా కాదులే" అన్నాడు మాస్టారు వెనకనుంచి. అన్న నవ్వాడు. ఎడమవైపు మూతి ఎక్కువగా, కుడివైపు తక్కువగా సాగే ఆ నవ్వును చూసి వదిన కూడా నవ్వేసింది.

ఇప్పుడు నిదానం పాటలు అన్నవి, వేగం పాటలు వదినవి. అటూ ఇటూ కానివి ఒకటి రెండున్నాయి. వాటికి పక్కపక్కన కూర్చుని, పాత పద్ధతిలోనే ఇద్దరూ కలిసి వాయిస్తారు. అవసరం ఉండి కాదని మాకు తెలుసు. మేం అడగం.

కిందటి ఆదివారం వదిన ఒక కొత్త పాట తెచ్చింది. ఎక్కడ విన్నదో ఏమో, ఫోన్‌లో పెట్టి మా అందరికీ వినిపించింది. మాస్టారి గొంతుకు అంత పైస్థాయి అందదు. నా వేళ్లు అంత చురుగ్గా తిరగవు. పరుపులాయన విని తల పట్టుకున్నాడు.

"ఇది మనవల్ల కాదేమో వదినా" అన్నాను.

"వారం రోజులుంది కదా" అని ఫోన్ సంచిలో పడేసుకుని, అన్న చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను రోజూ షాపు మూశాక దాన్నే సాధన చేస్తున్నాను. మాస్టారు కూడా చేస్తున్నాడట. వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పింది.