తలుపు సందులో చెప్పు

ఈ భూగోళం మీద ఒంటి చెప్పుతో పాల ఫ్యాక్టరీ మొత్తాన్ని నడిపించిన మనిషి మా అమ్మమ్మ ఒక్కతే. ఇంకెవరైనా ఉన్నారని చూపిస్తే చెవి కోసుకుంటాను. తాతయ్య చెవి. ఆయనకెలాగూ సరిగ్గా వినపడదు.

అమ్మమ్మ ఆ ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్లు పోయి సర్వర్లు వచ్చాయి. అమ్మమ్మ మాత్రం పోలేదు. ఇప్పుడు సర్వర్ల గది ఆవిడది. అక్కడ బీరువా అంత ఇనప చట్రంలో ఒక పెద్ద మిషను ఉంటుంది. దాని లోపల బోలెడు కంప్యూటర్లు కాపురం ఉంటాయి. బిల్లులకొకటి, జీతాలకొకటి, పాల ట్యాంకుల లెక్కకొకటి. కంటికి కనపడవు, చేతికి తగలవు, పని మాత్రం చేసుకుపోతాయి. వాటన్నిటి మీదా పెత్తనం చేసేది మేనేజ్‌మెంట్ సర్వరు.

"ఒకే ఇంటిని వాటాలు వేసి అద్దెకిచ్చామనుకో. ఇది ఇంటి ఓనరమ్మ. ఎవరిని ఉంచాలో, ఎవరికి కరెంటు ఆపాలో దీని చేతిలో ఉంది" అంటుంది అమ్మమ్మ.

ఆవిడకు కాలు ఒకచోట నిలవదు. అన్నం కూడా వంటగట్టుకు ఆనుకుని నిలబడే తింటుంది. "నువ్వు కూర్చుంటే కుర్చీకేమైనా జ్వరమొస్తుందా?" అంటాడు తాతయ్య. "కుర్చీకి కాదు, నాకొస్తుంది" అంటుంది ఆవిడ, అప్పటికే పక్క గదిలోంచి.

అలాంటి మనిషితో కొత్తగా వచ్చిన ఆఫీసరు, కొడుకు వయసువాడు, ఒకరోజు మెత్తగా అన్నాడు: "మేడమ్, నెట్‌వర్కు మార్చాలి కదా. ఏ గొడవా లేకుండా మీరు చేయగలిగితే సరే. లేదంటే ఈ గదిని బయటి కంపెనీకి అప్పజెప్పేద్దాం. రిటైరయ్యేదాకా మీరు స్టేషనరీ గదిలో హాయిగా కూర్చోండి."

హాయిగా కూర్చోవడమట! ఆ మాట విన్న దగ్గర్నుంచీ అమ్మమ్మ ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరిగింది. గుండుసూదుల డబ్బాలూ, జిగురు సీసాలూ, కిటికీ లేని ఆ గదిలో ఒక ఉయ్యాలలాంటి పాత కుర్చీ. కళ్ళు మూస్తే ఆ కుర్చీయే కనపడేది.

చేయాల్సిన పని పైకి చిన్నదే. ఓనరమ్మకు కొత్త అడ్రసు ఇవ్వాలి. ఎవరు పడితే వాళ్ళు ఆవిడ గడప తొక్కకుండా అనుమతులు బిగించాలి. ముందురోజే అమ్మమ్మ గది తలుపు సంగతి చూసింది. ఆ తలుపు కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. మూడు నెలలుగా ఎవరూ వాడని కార్డులన్నీ ఇక పనిచేయకుండా జాబితాలోంచి కొట్టేసింది.

ఇక ఆ చెప్పు సంగతి. సెట్టింగులు మార్చేటప్పుడు గది బయటున్న తన బల్ల దగ్గర్నుంచి దారి తెగిపోతే, గదిలోకి వెళ్ళి మిషనుకే తగిలించిన తెర ముందు సరిచేసుకోవాలి. అందుకని ఏ మార్పు చేసినా ముందు అమ్మమ్మ ఒక చెప్పు విడిచి తలుపు సందులో ఇరికిస్తుంది. కార్డు లోపల కీబోర్డు మీద పెట్టేసి, రెండో చెప్పుతోనే టపటపా బల్ల దగ్గరికి వస్తుంది. పరిగెత్తాల్సి వస్తే కార్డు కోసం సంచీలో తడుముకునే ఓపిక ఆవిడకు లేదు మరి. గేటు దగ్గరి మీసాల గార్డు ఆవిడకు పెట్టిన పేరు 'ఒంటిచెప్పు మేడమ్'. ఎదురుగా అనడు, మాతో అంటాడు.

ఆ మధ్యాహ్నం కూడా చెప్పు ఇరికించే వచ్చింది. బిల్లుల కంప్యూటరును కాసేపు ఆపింది. ఓనరమ్మకు కొత్త అడ్రసిచ్చింది. బాగానే కలిసింది. మిగిలింది అనుమతులు. 'అందరూ రావచ్చు' అనే పాత అనుమతి ఒకటుంది. 'నా బల్ల నుంచి మాత్రమే రావచ్చు' అనే కొత్తదాన్ని ముందు చేర్చి, ఆ తర్వాత పాతది తీయాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

కానీ ఆఫీసరు వచ్చి వెనకాల నిలబడ్డాడు.

"అయిందా మేడమ్?"

"అవుతోంది సార్."

"ట్యాంకర్లు వచ్చే వేళయింది. అయిందా?"

అమ్మమ్మ ముందు పాతది తీసేసి, సేవ్ నొక్కింది. తెర తెల్లబోయింది. ఆవిడా తెల్లబోయింది. అందర్నీ బయటికి పంపి గడియ పెట్టేసింది. ఆ అందరిలో తనూ ఉంది.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు.

అమ్మమ్మ పరిగెత్తింది. తలుపు మూసి ఉంది. చెప్పు గోడవారగా బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఎవరు తీశారిది?"

"నేనే" అన్నాడు వెనకే వచ్చిన ఆఫీసరు. "ఏసీ గాలంతా వరండాపాలు అవుతుంటేనూ..."

"నా కార్డు లోపలుంది. మీది తీయండి సార్."

ఆఫీసరు జేబులోంచి కార్డు తీశాడు. దాని మీది ప్లాస్టిక్ పొర ఇంకా ఊడలేదు. చూపించాడు. ఎర్ర దీపం. తుడిచి చూపించాడు. మళ్ళీ ఎర్ర దీపమే.

"ఇదేంటి, పనిచేయదే?"

"వాడని కార్డులు నిన్న కొట్టేశాను."

"నాది కూడానా!"

"ఒక్కసారైనా ఈ గదిలోకి వచ్చారా సార్?"

చప్పుడు విని మెట్లెక్కి వచ్చిన గార్డు మీసాల్ని గట్టిగా దువ్వుకుంటూ పక్కకు తిరిగాడు. మామూలు తాళంచెవి ఏదైనా ఉందేమో అని ఆఫీసరు ఆయన్ని అడిగాడు. "కార్డు పెట్టినప్పుడే తాళం పీకేశారు కదండీ" అన్నాడాయన.

కింద మొదటి ట్యాంకరు హారను కొట్టింది. బిల్లు లేనిదే బండి గేటు దాటదు. బిల్లుల కంప్యూటరేమో అమ్మమ్మ ఆపిన చోటే ఆగి ఉంది. 'చెప్పు తీసింది మీరే కదా' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. గడియ పెట్టింది తనే మరి. అంతలో ఆవిడ చూపు గోడ మీది ఎర్ర డబ్బా మీద పడింది. మంటలంటుకుంటే అద్దం పగలగొట్టి మోగించే గంట. అది మోగితే మనుషులు చిక్కుకోకుండా ఆ భవనంలో కార్డు తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి.

"మేడమ్, వద్దు" అన్నాడు ఆఫీసరు, ఆవిడ కళ్ళు చూసి. "పైవాళ్ళను అడుగుదాం."

"మీరు అడిగి వచ్చేసరికి పాలు పెరుగవుతాయి." అని గార్డు వైపు తిరిగింది. "బాబూ, అన్ని గదుల్లోనూ చెప్పు, ఇది ఉత్తుత్తి గంటని. తోసుకోకుండా దిగమను. చెప్పి రా, అప్పుడు కొడతాను."

గార్డు వెళ్ళి వచ్చేదాకా ఆవిడ వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది. రాగానే గోడవారగా ఉన్న చెప్పు తీసి, మడమ వైపుతో ఆ డబ్బా అద్దం మీద ఒక్కటిచ్చింది.

గంట గోల పెట్టింది. జనం టీ గ్లాసులతో సహా మెట్లు దిగారు. అందరూ బయటికి వస్తుంటే మా అమ్మమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళింది. తన బల్లకు అనుమతి చేర్చింది, బిల్లుల కంప్యూటరును లేపింది. కింద ప్రింటరు కిర్రుమంది. మొదటి ట్యాంకరు కదిలింది.

గంట ఆగాక ఆఫీసరు అడిగాడు: "ఇప్పుడు పైకి ఏమని రాయమంటారు?"

"జరిగింది రాయండి. గడియ పెట్టుకుంది నేను. అద్దం పగలగొట్టింది నేను."

"మరి ఆ చెప్పు?"

"తీసింది మీరు. అదీ రాయండి."

ఆయన కార్డు మీది ప్లాస్టిక్ పొరను గోటితో గీకి ఊడదీశాడు. "నా కార్డు మళ్ళీ ఎప్పుడిస్తారు?" అన్నాడు.

"వచ్చి పని చూస్తానంటే రేపే."

ఆయన మర్నాడు వచ్చాడట, చెప్పులు రెండూ బయట విడిచి. స్టేషనరీ గది మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని అమ్మమ్మ ఇప్పటికీ ఆయన అడుగుల చప్పుడు వింటూనే ఉంటుంది. తలుపుకు రబ్బరు అడ్డు ఒకటి వచ్చింది. ఆవిడ దాన్ని నమ్మదు.

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. వంటగదికీ వీధి గదికీ మధ్య తిరుగుతూనే విన్నది.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"ఫ్యాక్టరీని నడిపించానా నేను? ఆపినంత పని చేశాను. ఆ మొదటి ముక్క కొట్టెయ్."