నా ఫోన్లో శుక్రవారం గాలి

బహ్రెయిన్‌లో ఉన్నప్పుడు నేనొక ఇసుకగాలిని శుక్రవారం నుంచి గురువారానికి జరిపాను.

ఈ మాట పెళ్లి భోజనాల బంతిలో చాలాసార్లు చెప్పాను. పక్కవాడు పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నా మొహంలోకి చూసేవాడు. అప్పుడు నేను మజ్జిగ పులుసు ఇటు పొయ్యమని సైగ చేసి, "అవును మరి, ఆ రోజుల్లో ఆ దీవిలో పడవలన్నీ నా మాట మీదే కదిలేవి" అనేవాణ్ణి.

కాగితం మీద పెట్టేటప్పుడు కొంత తరుగు తీయాలి. పడవలన్నీ కాదు, మహా అయితే పది. జరిగింది కూడా గాలి కాదు, సెల్‌ఫోనులో దాని పక్కనున్న రోజు పేరు. ఆ జరిపింది కూడా పూర్తిగా నేనేనా అంటే, దానికి తర్వాత వస్తాను.

ఫోన్లకింకా బొత్తాములున్న కాలం. మా ఆఫీసు ఓడరేవు దగ్గర, మీనా సల్మాన్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు మీది గది. కింద సుత్తి దెబ్బ పడితే పైన నా టీ గ్లాసు కదిలేది. ఆ షెడ్డూ, ఆ గదీ, నా వీసా అన్నీ ఒకే కఫీల్‌వి. కఫీల్ అంటే పూచీ ఉండి పనిలో పెట్టుకున్న యజమాని. ఆయనకీ ఆయన స్నేహితులకీ పడవల మీద చేపలు పట్టే సరదా ఉంది. ఏ రోజు గాలి ఎంతో ఫోనులో చూపించే ప్రోగ్రాం కావాలన్నాడు. వచ్చా అని అడిగితే వచ్చన్నాను. అప్పటికి రాదు. యాభై దాటినవాడు అబద్ధం ఆడడని ఆయన అనుకున్నట్టున్నాడు.

పని చెప్పడానికి చిన్నదే. ఎక్కడో పరాయిదేశపు కంప్యూటరు నుంచి వాతావరణం వరసలు వరసలుగా వచ్చేది. తేదీ, గంట, గాలి వేగం, వేడి. ఆ గంటలు గ్రీన్విచ్ లెక్కలో ఉండేవి, బహ్రెయిన్ అంతకు మూడు గంటలు ముందు. వాటిని ఇక్కడి గంటల్లోకి మార్చి, రోజుకొక వరస చొప్పున, ఆ రోజు వీచే గాలుల్లో అన్నిటికంటే గట్టిదాన్ని చూపించాలి. ఆ ఫోన్లలో తేదీ చదివిపెట్టే సదుపాయం ఉండేది కాదు. అక్షరాలు మనమే ముక్కలు చేసుకోవాలి. పైగా ఆ కంప్యూటరు భాషలో జనవరి సున్నా, ఫిబ్రవరి ఒకటి. అది తెలియక మొదట్లో మా కఫీల్ స్నేహితులకు నేను మార్చి నెలలో ఏప్రిల్ గాలులు చూపించాను. ఎవరూ మునగలేదు. ఎవరూ చూడలేదు కూడా.

నా గది అరాద్‌లో, విమానాశ్రయం పక్కన. సముద్రానికి ఎదురుగా అని ఇంటికి ఫోన్లో చెప్పాను. మేడ మీద నీళ్ల ట్యాంకు ఎక్కి నిలబడితే ఎదురే. మా ఆవిడ కాకినాడలో టీచరు. ఇంకా సర్వీసు ఉంది కనుక రానంది. నా దగ్గర ఫోను ఉంది కదా, దాన్ని ఇండియా టైములో ఉంచేశాను. బడి గంట కొట్టారు, ఇంటికొచ్చింది, అన్నం తింటోంది అని చూడగానే తెలిసేది. చాలామంది గోడకి రెండో గడియారం పెట్టుకుంటారు. నేను అక్కడితో ఆగలేదు. ఆవిడ తినే వేళకే నేనూ తినడం మొదలుపెట్టాను. ఆఫీసులో పదింటికి అందరూ టీ తాగుతుంటే నేను అన్నం డబ్బా విప్పేవాణ్ణి. సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే రాత్రి భోజనం. పక్క గదుల్లో స్టవ్వులు వెలిగే వేళకి నా గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి. "రా భాయ్, ఖానా" అని ఒకటి రెండుసార్లు పిలిచారు. తినేశానన్నాను. తర్వాత పిలవలేదు. ఆ దీవిలో ఆ టైములో బతికేవాణ్ణి నేనొక్కణ్ణే.

శుక్రవారం మాత్రం తెలుగు చర్చికి వెళ్లేవాణ్ణి. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మనవాళ్ల ఆదివారం ఆరాధన ఆ రోజే. నాది ఆ మతం కాదు. ఒక పూట చెవినిండా తెలుగు పడుతుందని వెనక వరసలో కూర్చునేవాణ్ణి. అక్కడ ఒక నర్సు నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. ఒంగోలు వైపు పిల్ల, సల్మానియా ఆస్పత్రిలో డ్యూటీ. భర్త నిజామాబాద్ వైపు మనిషి, గోడౌనులో పని. ఇద్దరూ అక్కడే కలిసి పెళ్లి చేసుకున్నారు. అతను బాప్తిస్మం తీసుకుంటానని మాట ఇచ్చాడు గాని రెండుసార్లు తప్పించుకున్నాడు. ఒకసారి జ్వరం, ఒకసారి ఓవర్‌టైం. అసలు సంగతి నీళ్లంటే భయం. మోకాలు దాటిన నీళ్లలో ఎప్పుడూ దిగలేదు. మూడోసారి వచ్చే శుక్రవారం సాయంత్రం, సముద్రంలో అని నిర్ణయించారు. గాలి ఉంటే మాత్రం మనుషుల్ని నీళ్లలో దింపనని పాస్టరు ముందే చెప్పాడు.

సోమవారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, మీ ఫోన్లో గాలి తెలుస్తుందంట కదా? శుక్రవారం ఎలా ఉంటుందో చూసి పెట్టరూ? ఈసారి తప్పితే ఈయన మళ్లీ దొరకడు."

ఆ దేశంలో నన్నొకరు సలహా అడగడం అదే మొదలు. గొంతు సవరించుకుని ఫోను చూశాను. గురువారం మామూలు గాలి, శుక్రవారం గట్టి గాలి.

"శుక్రవారం వద్దమ్మా. ఇసుక లేచిపోతుంది" అన్నాను, నేనే లేపుతున్నట్టు.

 "సరేలెండి" అంది.

మర్నాడు కఫీల్ షెడ్డు మెట్లెక్కి పైకి వచ్చాడు. తన ఫోను, నా ఫోను బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"క్యా భాయ్? మేరా మొబైల్ బోల్తా జుమేరాత్, తేరా మొబైల్ బోల్తా జుమా. హవా ఏక్, దిన్ దో?"

నిజమే. అదే ప్రోగ్రాం, అదే గాలి. ఆయన ఫోన్లో గురువారం, నా ఫోన్లో శుక్రవారం. "యల్లా, ఖలాస్ కరో" అని, త్వరగా తేల్చమన్నట్టు చెయ్యి ఊపి దిగి వెళ్లిపోయాడు.

నాకు నా ఫోను మీద నమ్మకం. తప్పు ఆయన ఫోన్లోనే ఉందనుకున్నాను. నెలల సున్నాలు చూశాను, లీపు సంవత్సరం చూశాను, అక్షరాలు ముక్కలు చేసే చోటల్లా వేలు పెట్టి చదివాను. ఎక్కడా ఏమీ లేదు. బుధవారం సాయంత్రానికి విసుగొచ్చి, అందరి ఫోన్లలోనూ ఒక రోజు కలిపేద్దామని నిర్ణయించుకున్నాను. తెల్లారితే ఆ మార్పు పంపించేవాణ్ణే.

అంతలో ఆ అమ్మాయి, భర్త నా గదికి వచ్చారు. చేతిలో చేపల పులుసు గిన్నె, అన్నం. ఆమె నా గిన్నెలు బోర్లించి ఉండటం చూసింది.

"అప్పుడే తినేశారా? ఏడున్నరే కదా అయింది."

"నాకు పదయింది" అన్నాను.

ఆమె మంచం మీది ఫోను తీసింది. "ఇదెవరి టైము?"

"మా ఆవిడది."

భర్త నవ్వాడు. వాళ్ల వైపు గల్ఫంతా దుబాయే. "గట్లనా! అయితే నువ్వు దుబాయిల లేవు కాకా, ఇంటికాడనే ఉన్నవ్. గది సరే గని, శుక్రారం గాలుందట గద? ఇగ వచ్చే నెల సూద్దాం తియ్."

"మీరు కాసేపు ఊరుకోండి" అంది ఆమె, ఫోను బొత్తాములు నొక్కుతూ. "మా వార్డులో ఎవరైనా గడియారం ఇలా పెడితే పేషెంట్లకి మందులన్నీ ముందే పడిపోతాయి. ఏ దేశంలో ఉన్నారో ఆ టైము పెట్టుకోవాలి బాబాయ్ గారూ. ఇదిగో, మార్చాను. ఇప్పుడు చూడండి మీ గాలి."

చూశాను. గురువారం గట్టి గాలి. శుక్రవారం మామూలు.

నా ప్రోగ్రాం ఏ దేశపు టైము కావాలో ఫోనునే అడిగేది. నాది ఇండియా అని చెప్పేది. గురువారం రాత్రి పదింటికి వీచే గాలి మా ఆవిడ గడియారంలో అర్ధరాత్రి దాటాక వీచింది, అంటే శుక్రవారం. కఫీల్ ఫోను మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. నేను బాగుచేసి ఉంటే అందరివీ పాడయ్యేవి.

"అంటే శుక్రవారం గాలి లేనట్టేనా?" అంది.

"లేదమ్మా."

భర్త మొహం వాడిపోయింది. ఆమె పాస్టరుకి ఫోన్ చేసి చెప్పి, మూడు పళ్లేలు అడిగింది. నా దగ్గర ఒకటే ఉంది. గిన్నె మూతల్లో వాళ్లు తిన్నారు. నాకు ఆకలి లేదు, అయినా రెండోసారి తిన్నాను. ఆ గదిలో నేను నములుతుండగా ఇంకొకరు నమిలిన చప్పుడు వినడం అదే మొదలు. వాళ్లు వెళ్లాక ఫోను తీసి చూస్తే టైము నాది. మా ఆవిడ పడుకుందో లేదో వేళ్ల మీద లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

మర్నాడు అసలు మరమ్మతు చేశాను. ఫోనుని అడగడం మానేసి, ఎప్పుడైనా సరే మూడు గంటలే కలిపేలా రాశాను. ఫోను తను ఎక్కడున్నాననుకున్నా ఈ గాలి వీచేది బహ్రెయిన్‌లోనే కదా. ఇదొక్కటీ కోత లేకుండా నా పనే.

గురువారం రాత్రి చెప్పినట్టే గాలి వచ్చి కిటికీ సందుల్లోంచి మంచం దాకా ఇసుక పోసి వెళ్లింది. శుక్రవారం సాయంత్రం సముద్రం తాంబాళంలో పోసిన నీళ్లలా ఉంది, ఆకు కదల్లేదు. నేను ఒడ్డున చాప మీద కూర్చున్నాను. అతను తెల్లచొక్కాతో దిగాడు, మునిగాడు, లేచాడు. అందరూ పాట అందుకున్నారు. ఆ పాట అయ్యాక గాలిని గురువారానికి నేనే జరిపానని అక్కడే మొదటిసారి అన్నాను. నవ్వారు. నవ్వారని మళ్లీ మళ్లీ చెప్పాను, ఇన్నేళ్లుగా.

ఆ అమ్మాయి ఇప్పటికీ అక్కడే ఉంది. మొన్న ఫోన్లో ఇదంతా చదివి వినిపిస్తే తాంబాళం దగ్గర ఆపేసింది.

"అదేం లేదు బాబాయ్ గారూ. ఆ రోజు కూడా గాలేసింది. నా చున్నీ ఎగిరిపోతుంటే పాస్టరమ్మ గారు పట్టుకున్నారు. అల వచ్చి రెండుసార్లు ఈయన మొహాన కొట్టింది. ఒడ్డుకి పరిగెత్తుకొచ్చేస్తాడనుకున్నాను, రాలేదు. మీ ఫోను చూసి కాదు ఆయన మునిగింది. మీరేమో అటు తిరిగి, పిన్ని మిస్డ్ కాల్ ఇస్తుందేమోనని ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. గాలుందో లేదో మీకెలా తెలుస్తుంది?"