తారాఫీసు అనంతయ్య

నల్లగొండ తారాఫీసులో అనంతయ్యకు కుదురుండేది కాదు. టెలిగ్రాం కొట్టాక, అవతలి నుంచి "అందింది" అని జవాబొచ్చేదాకా కుర్చీ అంచున కూర్చుని కాళ్లూపేవాడు. చల్లారిన చాయ్‌నే మళ్లీ మళ్లీ ఊదేవాడు. ఒకనాడు "కొడుకు పుట్టాడు, ఇద్దరూ క్షేమం" అని హైదరాబాదులో తాపీపని చేసే భిక్షానికి కొట్టి, అక్కడి తారాఫీసుకు అందిందని అతని తల్లి బీరమ్మకు చెప్పాడు. ఆమె గుండె బాదుకుంది.

"వానికి సదువు రాదు సారూ! పోయినేడు వాళ్ల బాపు సచ్చినప్పుడు గిసొంటి కాయితమే పాయె. చూడంగనే కూలబడ్తడు."

అనంతయ్య మళ్లీ మీట పట్టాడు. కాగితం ఇచ్చేముందే నోటితో కబురు చెప్పించమని అవతలి గుమస్తాను బతిమాలాడు. చల్లారిన చాయ్ ఊదుతూ కూర్చున్నాడు. చివరికి జవాబొచ్చింది.

"చెప్పిస్తడంట అవ్వా."

"గా చెప్పెటోన్ని నవ్వుకుంట పొమ్మను సారూ."

అనంతయ్య అదీ కొట్టాడు.