మైపాడులో దొరికిన అందమైన ఉబ్బు

ఆ రోజుల్లో నాకు నా తెల్లకోటు మీద, పరిశోధన అనే మాట మీద అపారమైన నమ్మకం ఉండేది. ఎంబీబీఎస్ ముగించి, పీజీ సీటు పరీక్ష ఒకసారి తప్పి (ఒకసారే అని చుట్టాలకు చెప్పుకునేవాళ్ళం), నెల్లూరులో ఒక పెద్దసారు దగ్గర పరిశోధన సహాయకురాలిగా చేరాను. పెద్దసారు రక్తనాళాల డాక్టరు. కత్తి పట్టి చాలాకాలమైంది, మైకు పట్టడం మాత్రం మానలేదు. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం కొందరు ముసలివాళ్ళలో, ముఖ్యంగా పొగతాగే మగవాళ్ళలో, పాత సైకిల్ ట్యూబు ఒకచోట బుడిపె కట్టినట్టు ఉబ్బుతుంది. దాన్నే డాక్టర్లు ఎన్యూరిజం అంటారు. చాలామందికి నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. పగిలిందంటే మాత్రం ఆస్పత్రి గుమ్మం దాకా రానివ్వడం కూడా అరుదే. సముద్రపు ఒడ్డున బీడీలు కాల్చే ముసలివాళ్ళలో ఇది మెండుగా ఉంటుందని పెద్దసారు ముందే తేల్చేశారు. ఇక మిగిలింది వెళ్ళి పరీక్షించడమే.

అలా ఒక స్కానింగ్ మిషనుతో, బెంచీలతో, పెద్దసారి నిలువెత్తు ఫొటో ఉన్న బ్యానర్‌తో దగ్గర్లోని సముద్రపు ఒడ్డు పల్లె మైపాడులో దిగాం. జనం వచ్చారు గానీ బల్లెక్కే మగవాడు లేడు. "పొట్టకు స్కానింగంటే కడుపుతో ఉండే ఆడోళ్ళకు గదమ్మా, మాకెందుకు?" అని ఒక తాత ముఖం మీదే అడిగేశాడు. వాళ్ళావిడ వెనకనుంచి, "చూపిచ్చుకో, ఆడపిల్లో మగపిల్లోడో చెప్తారు" అనగానే బెంచీలన్నీ గొల్లుమన్నాయి. దాంతో సగంమంది లేచి వలల దగ్గరికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కూడా నన్ను చూసి చొక్కా ఎత్తడానికి సిగ్గుపడి, కళ్ళు గట్టిగా మూసుకుని పడుకునేవారు (వాళ్ళు కళ్ళు మూసుకుంటే నాకు కనబడరనుకునేవారేమో).

అసలు అవమానం అది కాదు. ఎవరికీ ఏ జబ్బూ లేదు. జీవితమంతా తెడ్డు వేసి, వల లాగిన ఆ పొట్టల్లో రక్తనాళం కొబ్బరి మట్టలా తిన్నగా ఉంది. మిషను ముందు పెద్దసారి ముఖం పూటపూటకూ వాడిపోయింది. "వీళ్ళు నిజంగా బీడీలు తాగుతారా?" అని నన్ను నిలదీశారు, నేనే వాళ్ళ చేత మాన్పించినట్టు. ఢిల్లీలో డాక్టర్ల సభ దగ్గర పడుతోంది, చూపించడానికి ఒక్క రోగీ లేడు. నేను కూడా ప్రతి పొట్ట మీదా జెల్ రాసి మనసులో మొక్కుకునేదాన్ని, స్వామీ, ఈ తాతకైనా ఉండేట్టు చూడు అని. ప్రజల ఆరోగ్యం కోసం ప్రమాణం చేసి ఇంకా ఏడాది కాలేదు.

చివరికి ఒక బక్కతాత దొరికాడు. చెవిలో సగం కాల్చిన బీడీ, పక్కన అతని పెళ్ళాం, ఒక అవ్వ. మిషను పెట్టగానే తెర మీద నాళం గుమ్మడికాయలా ఉబ్బి కనబడింది. "దొరికింది!" అని పెద్దసారు కేక వేశారు. మా మిషను నడిపే అన్న చప్పట్లు కొట్టాడు, నేనూ కొట్టాను. ఎవరో మైసూరుపాకు డబ్బా తెరిచారు. తాత పొట్ట మీద జెల్ ఆరకముందే పెద్దసారు అతని భుజం మీద చెయ్యేసి ఫొటో దిగారు. చుట్టూ అంత సంబరం చూసి తాత కూడా పళ్ళు లేని నోటితో నవ్వుతూ మైసూరుపాకు చప్పరించాడు. తాను ఏదో పోటీలో గెలిచాననుకున్నాడు పాపం.

అవ్వ మాత్రం నవ్వలేదు. "ఏమైంది సామీ మా ఆయనకి?" అంది.

"చాలా అందమైన ఎన్యూరిజం అమ్మా! నా సర్వీసులోనే ఇంత అందమైనది చూడలేదు."

"అందమా? అంత ముచ్చటగా ఉంటే తమరే ఉంచుకోండి. ఇంతకీ అది మంచిదా, చెడ్డదా?"

పెద్దసారు గొంతు సవరించుకుని, సైజు బాగా పెద్దదే గానీ, ప్రతి నెలా వచ్చి కొలిపించుకుంటే ఎంత వేగంగా పెరుగుతుందో తెలుస్తుందని, ఈ తీరంలో అలాంటి గ్రాఫు ఇప్పటిదాకా ఎవరూ గీయలేదని చెప్పారు.

"పెరిగి పగిలితేనో?"

"అదీ ఒక ఫలితమే కదమ్మా" అన్నారు పెద్దసారు, పాఠం చెబుతున్న ధోరణిలో.

నేను చేతిలోని మైసూరుపాకు డబ్బాలో పెట్టేశాను. అవ్వను పంపు దగ్గరికి పిలుచుకుపోయి, "అవ్వా, కొలతలూ వద్దు, గ్రాఫులూ వద్దు. అది పగిలితే తాత నీకు దక్కడు. రేపే మద్రాసుకు తీసకపో, ఆపరేషన్ చేస్తారు" అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఇందాక చప్పట్లు కొట్టింది నువ్వే గదే?" అంది. కానీ కొంగు బిగించి తాత చెవిలోని బీడీ లాగి పారేసి, తాతను చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

మర్నాడు, తాత మద్రాసు వెళ్ళాడని తెలిసి, పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి, పరిశోధనకు కావలసిన నిగ్రహం నాలో లేదని చెప్పారు. తాత కొలతలకు రాకపోయినా తాత ఫొటో ఢిల్లీ వెళ్ళింది, చప్పట్లు కూడా పడ్డాయట. నా పేరు ఎక్కడా లేదు.

మద్రాసులో తాతకు ఆపరేషనైన కొన్ని వారాలకు మైపాడు బస్సెక్కి వెళ్ళాను. తాత చిక్కి సగమైనా, గడప ముందు కూర్చుని చిరిగిన వలకు ముడులు వేస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికి రమ్మని సైగచేసి, గుట్టుగా అడిగాడు: "అమ్మా, ఆ పక్కింటోడు గూడా తనకి ఆ జబ్బు ఉండాదని ఊరంతా చెప్పుకుంటా ఉండాడు. నిజమేనా?"

"లేదు తాతా. ఊళ్ళో నీకొక్కడికే."

"అద్దీ!" అని ఛాతీ విరుచుకోబోయి, కుట్లు లాగి, అబ్బా అన్నాడు. అవ్వ లోపలినుంచి ఎండుచేపల పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తిరుగు బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఇప్పుడు నేనే ఒక పెద్దమేడమ్‌ని. నా గది, నా బ్యానర్లు, నా సభలు. పంపు దగ్గర నిలబడి గబగబా మాట్లాడిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఈరోజు అదే మాట అవ్వకు చెప్పాలంటే నేను ముందుగా ఎవరెవరి సంతకాలు తీసుకోవాలో ఆలోచిస్తాను. ఆ పిల్ల అంత తెలివితక్కువగా ఉండబట్టి గదా తాత బతికాడు అనుకుని, ఒక్కదాన్నే నవ్వుకుంటాను.