శేషుడి కోసం శుక్రవారాలు

జమ్మలమడుగులో మా మగ్గాల కొట్టంలో శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట మగ్గాలు ఆగేవి. ఆ అరగంట నాది. మగ్గం గుంటలోంచి పైకొచ్చి అరుగు మీద కూర్చుని, పొద్దున చేనేత సంఘం లైబ్రరీలో రాసుకొచ్చిన సీరియల్ చదివేవాణ్ణి. వారపత్రికను బల్ల దగ్గరే చదవాలి, బయటికి ఇవ్వరు. అందుకని అక్షరం వదలకుండా కాగితాల మీద ఎక్కించుకునేవాణ్ణి.

బడికి రెండేళ్లే పోయాను. మిగతా చదువంతా ఆ లైబ్రరీలో నాకు నేను నేర్చుకున్నదే. ఆ గర్వం ఉండేది.

కొట్టం యజమాని నాకు వరసకు మామ. ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. "చదువుకోప్పా. కానీ అందులో లేంది చెప్పినావంటే ఆ దినమే ఆఖరు."

కథ కుజగ్రహానికి బయలుదేరిన వాహనం గురించి. మొదటి వారం కొట్టంలోకెల్లా పెద్దవాడైన నేతగాడు, మేమంతా తాతా అని పిలిచే ఆయన, ఎగతాళి చేశాడు. "గ్రహం మనిషిని పట్టాల గానీ, మనిషి పోయి గ్రహాన్ని పట్టుకునేదేందప్పా?" అందరూ నవ్వారు. మూడో వారానికి అందరికంటే ముందు మగ్గం ఆపేది ఆయనే.

నాలుగో వారం వాహనం చెడిపోయింది. లోపల ఒక్కడే యువకుడు. శూన్యంలో కిందికి, ఇంకా కిందికి పడిపోతున్నాడు. అడుగున ఎప్పటిలాగే 'సశేషం' అని ఉంది. ఆ మాటకు అర్థమేమిటని తాత అడిగాడు.

నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. "స అంటే కూడా. శేషం అంటే శేషుడు. శేషుడు కూడా ఉండాడని" అన్నాను.

ఎవరికీ అనుమానం రాలేదు. లోకాలన్నిటినీ పడగ మీద మోసే ఆదిశేషుడికి ఒక వాహనం ఎంత బరువు? ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ మాట చదవగానే కొట్టమంతా ఊపిరి తీసుకునేది. "ఉండాడు, కిందనే ఉండాడు" అని తాత మళ్లీ మగ్గంలోకి దిగేవాడు. నాలుగు వారాలు గడిచేసరికి నేనూ నమ్మాను.

ఒకరోజు లైబ్రరీలో వేరే పత్రిక తిరగేస్తే, అత్తాకోడళ్ల తగవు కథ కింద అదే మాట కనిపించింది. అందులో ఆకాశం లేదు, పాతాళం లేదు. నిఘంటువు తీశాను. శేషము అంటే మిగిలినది. చెవులు వేడెక్కాయి. కథ ఇంకా మిగిలి ఉంది, అంతే.

ఆ వారమంతా నా చేతిలో పోగులు తెగుతూనే ఉన్నాయి. చెబితే అరగంట పోతుంది. చెప్పకపోతే, శేషుడు రాకుండానే కథ ముగిసిన రోజున ఎలాగూ పోతుంది.

శుక్రవారం వచ్చింది. ఆ భాగంలో కింద నల్లటి నేల కనిపించింది, యువకుడు కళ్లు మూసుకున్నాడు, సశేషం. నా కాగితం మీద ఇంకా నాలుగు పంక్తుల చోటుంది. కలం నాదే. 'అంతలో వేయి పడగలు విప్పి' అని రాశాను. చాలాసేపు చూసి కొట్టేశాను.

కొట్టానికొచ్చి ఉన్నది ఉన్నట్టు చదివాను. సశేషం అనగానే తాత నవ్వు మొహంతో లేవబోయాడు. కూర్చోమన్నాను. శేషుడు లేడని, అర్థం తెలియక చెప్పానని, నిఘంటువులో చూశానని తల వంచుకుని చెప్పాను.

మామ నా చేతిలో కాగితం తీసుకుని కొట్టివేసిన పంక్తిని చూశాడు. ఆయనకు చదువు రాదు.

"ఇదేంది?"

"లేంది రాయబోయి కొట్టేసినా, మామా."

ఆయన ఏదో అనేలోపే తాత గొంతు వినిపించింది. "ఇన్నాళ్లూ శేషుడుండాడని ధైర్యంగా ఉంటిమి. ఇప్పుడా పిల్లోనికి దిక్కెవరప్పా?"

మామ కాగితం నా ఒళ్లో పడేశాడు. "తెలీకపోతే తెలీదను. నోరేం పడిపోదు. వచ్చే శుక్రవారం లైబ్రరీ తలుపు తీయకముందే పో."

పోయాను. పత్రికల కట్ట తెచ్చే బస్సు ఆ రోజు ఆలస్యమైంది. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని రోడ్డు వైపే చూస్తూ ఉన్నాను. కట్ట విప్పగానే కథ చదవలేదు. అడుగున చూశాను.

సశేషం అని ఉంది. వాడింకా బతికే ఉన్నాడు.