మేజర్ సార్ అర్జీ

నిన్న బీరువా సర్దుతుంటే పాత కార్బన్ కాగితం ఒకటి చేతికి తగిలి వేళ్లన్నీ నీలమయ్యాయి. సబ్బుతో ఎంత రుద్దినా పోలేదు. ఆ మరక చూస్తూ పంపు దగ్గర అలాగే నిలబడిపోయాను. మేజర్ సార్ గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో అనంతపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేదాన్ని. ఆర్నెల్లకొకసారి గార్లదిన్నె దగ్గరి పల్లె నుంచి ఆయన అర్జీ టైపు చేయించుకోవడానికి బస్సులో వచ్చేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. వానల్లేక బీడుపడ్డ చేను, దానికి కాపలాగా ఆయన. డెబ్భై ఒకటి యుద్ధంలో ఒక గుట్టను శత్రువుకు దక్కకుండా కాపాడినందుకు పతకం వచ్చింది. దాంతో ఇచ్చిన పత్రంలో 'ఒంటరిగా' పోరాడినట్టు రాశారు. అది తప్పు, పక్కన ఎర్రిస్వామి అనే జవాను పోరాడుతూ చనిపోయాడు, అతని పేరు చేర్చండి అన్నదే ఆయన అర్జీ. ప్రతిసారీ వీలుకాదని సైన్యం నుంచి జవాబు, ప్రతిసారీ మళ్లీ అర్జీ.

నేనసలే నోటి దురుసుదాన్ని, పైగా తెలివైనదాన్నని నమ్మకం. ఒకసారి నాకు తెలిసిన పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలన్నీ అర్జీలో చేర్చి ఇచ్చాను. ఆయన చదివి పెన్నుతో కొట్టేశారు.

"ఇవన్నీ వద్దు పాపా. వాడు నా పక్కన ఉన్న్యాడు. అది రాయి, సాలు."

నాకు కోపమొచ్చింది. ఇంత న్యాయం తెలిసినవారు ఆనాడే ఎందుకు చెప్పలేదని అడిగేశాను. ఆయన పెన్నుకు మూత పెట్టారు.

"పతకమిచ్చేటప్పుడు ఆ పత్రం గట్టిగా చదివినారు. మా నాయన ముందు వరసలో కూర్చోని ఏడుస్తాండె, నా కొడుకు ఒక్కడే గెలిచినాడని. ఆయప్ప సంతోషం చెడగొట్టలేకపోతి."

ఎర్రిస్వామిది విడపనకల్లు పక్క పల్లె. ఆ ఎండాకాలం వాళ్లమ్మ దగ్గరికి పోవాలనుకుని, ఒక్కణ్ణే పోలేనంటూ నన్ను తోడు రమ్మన్నారు. తుపాకులకు బెదరని మనిషి ఆ గుడిసె ముందు చెప్పులు విప్పడానికి తడబడ్డారు. ముసలామె విత్తనం శెనక్కాయలు వలుస్తోంది. ఆయన చెప్పిందంతా వలుస్తూనే విన్నది. కొడుకు యుద్ధంలో పోయాడని కాగితం వచ్చిందే తప్ప, ఎలా పోయాడో అన్నేళ్లలో ఎవరూ చెప్పలేదట.

"ఈడికొచ్చి నాకు సెప్తే ఏమొస్తాది సారూ? పదిమందిలో సెప్పు," అంది.

ఆగస్టు పదిహేనున చెప్పారు. ఏటా ఊరి బడిలో జెండా ఎగరేసేది ఆయనే. ఊరి పెద్ద అలవాటు ప్రకారం ఆయన్ని పొగుడుతూ 'ఒంటరిగా' అనగానే మేజర్ సార్ మైకు అందుకుని ఎర్రిస్వామి సంగతంతా చెప్పారు, అది తాను దాచిన సంగతి కూడా. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో కూలివాళ్ల పిల్లవాడి కోసం ఇంటి పరువూ ఊరి పరువూ తీశాడన్నారు సొంతవాళ్లు. మరుసటి ఏడు జెండాకు పిలవలేదు. పలకరింపులూ తగ్గిపోయాయి. ఇక అర్జీ లేని రోజుల్లో కూడా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేవారు. బల్ల మీద కూర్చుని, మిషన్ల చప్పుడు వింటూ, నేను తెప్పించిన టీ తాగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు. ఒకరోజు, చెప్పి పొరపాటు చేశారేమో సార్ అంటే, ఇప్పుడు నిద్ర పడుతోందని మాత్రం అన్నారు.

కొన్నేళ్లకు ఆయన పోయారు. ఆ రోజు మళ్లీ ఊరంతా కదిలింది. పూలదండలు, జీపులు. ఒక పెద్దమనిషి ఆ పాత పత్రమే తీసి చదివాడు, 'ఒంటరిగా' దగ్గర గొంతు పెంచి మరీ. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. అంత నోరున్నదాన్ని, శవం ముందు గొడవెందుకులే అని ఊరుకున్నాను. సిగ్గుచేటు. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు అన్నం సహించదు. మీరెవరూ మేజర్ సార్‌ని చూసి ఉండరు, ఎర్రిస్వామి పేరూ విని ఉండరు. ఆ గుట్ట మీద ఉన్నది ఇద్దరు.