చాచా బిగించిన సీసం ముక్కలు

1984 జూలై, రెండో సోమవారం. ఇవాళ్టి మొదటి ఆశ్చర్యం, కంచరపాలెంలో చాచా టైర్ల దుకాణం ఎనిమిదయినా మూసి ఉండడం. శుక్రవారం నమాజు వేళ తప్ప ఆ తలుపు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కాలేజీ బస్సు కోసం నిలబడ్డ నాకు పక్కనున్న టీ కొట్టు ఆయన చెప్పాడు, చాచా తెల్లవారుజామున పోయాడని. గుండె ఆగిందట.

నేనింకా ఆ మాట మింగనేలేదు. బెంచీ మీద టీ ఊదుకుంటున్న వ్యాను డ్రైవరొకాయన, "పాపం, కాళ్ళ సీసం చాచా ఎలిపోనాడ్రా" అన్నాడు. పక్కాయన కిసుక్కున నవ్వాడు. మనిషి పోయిన పూట కూడా ఆ పేరేనా? ఒళ్ళు మండింది. ఆ పేరు పెట్టింది మా నాన్న. అందుకే ఇది రాస్తున్నాను.

చాచా వన్ టౌన్ మనిషి. బళ్ళ చక్రాలకు తూకం సరిచేయడం ఆయన పని. నా బస్ స్టాపు ఆ దుకాణం ముందే కనుక రోజూ చూసేదాన్ని. ముందు అరిగిపోయిన గరిటెతో రిమ్ములోని బురదంతా గీకేవాడు. "ఇది కూడా బరువే బేటీ" అనేవాడు. చక్రాన్ని ఇరుసుకి తగిలించి, చేత్తో తిప్పి వదిలేసేవాడు. బరువైన పక్క కిందకొచ్చి ఆగేది. దానికి సరిగ్గా ఎదురుగా, రిమ్ము అంచుకి చిన్న సీసం ముక్క తగిలించి సుత్తితో తట్టేవాడు. మళ్ళీ తిప్పడం, మళ్ళీ చూడడం. చక్రం ఏ పక్కకీ మొగ్గకుండా నిలిచేదాకా అంతే. అది తిరుగుతున్నంతసేపూ ఎవరు నోరు తెరిచినా వేలు ఎత్తేవాడు. "అది ఆగనీ. తర్వాత మనం."

ఇంకో మాట కూడా అనేవాడు: "బరువుండడం తప్పు కాదు. అంతా ఒక్క పక్కకే చేరితే బండి ఏడుస్తాది."

మా పికప్ వ్యాను అలాగే ఏడ్చింది. హార్బరు నుంచి పెందుర్తికి చేపలు మోసే బండి అది. నడిపేది మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. స్పీడు అందుకోగానే స్టీరింగు జ్వరమొచ్చినట్టు వణికేది. చాచా సరిచేస్తే నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మొదలు. మూడోసారి చాచా రిమ్ము తడిమి చూసి, "నేను పెట్టిన సీసం లేదు భాయ్. ఎవరో తీశారు" అన్నాడు.

నాన్న డ్రైవర్లందరి ముందూ పకపకా నవ్వాడు. "సీసానికి కాళ్ళొచ్చి నడిసెలిపోనాదేటి చాచా?"

బెంచీ అంతా నవ్వింది. చాచా నవ్వలేదు. సీసం ఉన్న చోట గీత చూపించాడు. ఒక్కరూ వంగి చూడలేదు. ఆ రోజు నుంచి ఆయన కాళ్ళ సీసం చాచా. కొందరు బళ్ళు గాజువాక తీసుకుపోవడం మొదలుపెట్టారు. మాటలంటే నాకీమధ్యే ఇష్టం పుట్టింది. ఒక్క మాట మనిషికి ఇంతగా అంటుకుంటుందని మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

తర్వాత ఆదివారం మావయ్య మెట్ల మీద కూర్చుని విసురు వల బాగుచేసుకుంటున్నాడు. వల అంచుకి కడుతున్నవి సుత్తి దెబ్బలున్న సీసం ముక్కలు.

"ఇవెక్కడివి మావయ్యా?"

"మన బండివే. ఊరికే రిమ్ముకి అంటుకున్నాయని పీకీసినాను. వల మునగాల గదా!"

"అవి తీసినందుకే స్టీరింగు వణుకుతోంది!"

"ఓలమ్మో! గోరంత ముక్కకి అంత బండి వణుకుద్దేటే?"

విన్నదంతా నాన్నకి చెప్పి, సాయంత్రం ఆయన వెంట నేనూ దుకాణానికి వెళ్ళాను. సంగతి విని చాచా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "నా సీసం చేపలు పట్టిందా!" మరుక్షణం నవ్వు ఆపేశాడు. "నాకు చెప్తే చాలదు భాయ్. నవ్విన చోట చెప్పు."

"రేపే సెప్తాను చాచా" అన్నాడు నాన్న.

ఆ రేపు వేసవంతా రాలేదు. చాచా కొత్త సీసం వేసిన బండిని మావయ్య స్టీరింగు మీద రెండు వేళ్ళు పెట్టి హాయిగా నడిపాడు. ఆ సుఖం మాకు. ఆ పేరు మాత్రం ఆయనకి. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఇవాళ ఖననం నుంచి వచ్చి నాన్న స్నానం చేశాక అడిగేశాను. "పోయినోడికి ఇప్పుడు సెప్పి ఏటి లాభం?" అన్నాడు.

"నాలుగో రోజున చాచా కొడుకు దుకాణం తెరుస్తాడు. అతన్నేమని పిలుస్తారు నాన్నా?"

వంటింట్లోంచి అమ్మ అందుకుంది: "నవ్వినప్పుడు నేని సిగ్గు సెప్పడానికొచ్చిందా?"

మావయ్య గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. "పీకినోన్ని నాను. నానూ వత్తాను బావా."

నాన్న తలూపాడు. రేపు పొద్దున్న, వ్యాన్లు హార్బరుకి కదలకముందే ముగ్గురం టీ కొట్టుకి వెళ్తున్నాం. నాన్న నిలబడి చెప్పాలి. కూర్చుని కాదు, టీ తాగుతూ కాదు. గొణిగితే మాత్రం నేనూరుకోను. వినపడలేదు, ఇంకోసారి గట్టిగా చెప్పు నాన్నా అంటాను.